అమెరికన్ రివర్‌లో బంగారం గాలింపు: నాన్నతో ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

మార్చి

సంగతి ఇది. ఈ వేసవిలో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో చుట్టుపక్కల నదుల్లో చేత్తో గాలించి ఒక గ్రాము బంగారం తీయాలి. మోటార్లు వద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే ‘బంగారు మట్టి’ పొట్లాలు కొని ఇంట్లో కడగడం అసలే వద్దు. పాన్‌లోకి, అంటే గాలించే పళ్లెంలోకి, ఎత్తే ప్రతి గుప్పెడు మట్టీ నాకు తీసుకునే హక్కున్న చోటు నుంచే రావాలి. ఒక గ్రాముకి ఇంత హంగామా ఎందుకు, జ్యువెలరీ షాపుకి వెళ్తే ఐదు నిమిషాల పని కదా అన్నాడు మా ఆయన. నిజమే. ఆయన తెల్లవారుజామున లేచి చూసే క్రికెట్‌కి కూడా అదే లెక్క వర్తిస్తుంది.

మేముండేది శాక్రమెంటో పక్కన రాంచో కార్డోవాలో. పెరట్లో గోంగూర మడి కోసం గడ్డపార వేస్తే గుండ్రాళ్లే. ఒకప్పుడు ఈ నేలంతా పెద్ద పెద్ద డ్రెడ్జర్లు తవ్వి, బంగారం తీసుకుని, రాళ్లను వెనక్కి గుట్టలుగా పోసేశాయి. నటోమస్ కంపెనీ ఆ పని 1962 దాకా చేసింది. ఆ గుట్టల్ని చదును చేసి కట్టిన కాలనీల్లో ఇప్పుడు మనవాళ్లు గృహప్రవేశాలు చేసుకుంటున్నారు. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కి బంగారం కనిపించి గోల్డ్ రష్‌కి, అంటే బంగారం కోసం జనం ఎగబడటానికి, కారణమైన కొలోమా ఇక్కడికి కారులో గంట ప్రయాణం. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ ఒక్కసారీ ఆ నదిలో చెయ్యి పెట్టలేదు.

సామాను కొన్నాను. 14 అంగుళాల ఆకుపచ్చ ప్లాస్టిక్ పాన్, లోపల ఒక పక్క మెట్లలాంటి గాడులు ఉంటాయి. అర అంగుళం కన్నాల జల్లెడ ఒకటి. సన్నటి రేణువుల్ని నీళ్లతో సహా పీల్చుకునే మెత్తటి సీసా, మూత గట్టిగా పట్టే చిన్న గాజు సీసాలు, ఒక అయస్కాంతం. ఆకుపచ్చ ఎందుకంటే పసుపు రంగు దాని మీద వెంటనే కంటికి ఆనుతుంది, నల్ల ఇసుకా స్పష్టంగా కనబడుతుంది. పాత సినిమాల్లో చూపించే ఇనుప పాన్ జోలికి పోలేదు, అయస్కాంతం వాడాలంటే అది పనికిరాదు.

ఏప్రిల్ మొదట్లో

అమ్మానాన్న కుప్పం నుంచి వచ్చారు, ఆరు నెలలుంటారు. నాన్న రిటైరైన సర్వేయరు. ఈ సంగతి ప్రాజెక్టుకి ఎంత ముఖ్యమో మొదట నాకు తట్టలేదు. ఆయనకి పాన్ చూపించి విషయం చెప్పగానే అడిగిన మొదటి ప్రశ్న బంగారం గురించి కాదు.

“ఆ భూమి ఎవరిదమ్మా?”

నదే కదా నాన్నా, ప్రభుత్వానిది అన్నాను.

“ప్రభుత్వం అంటే ఏ డిపార్టుమెంటు? రెవెన్యూనా, ఫారెస్టా, ఇరిగేషనా? ఒక్కొక్కళ్లకి ఒక్కో రూలు ఉంటుంది.”

ఉంది కూడా. తర్వాతి రెండు వారాలు సాయంత్రాలు మేమిద్దరం మ్యాపుల ముందే కూర్చున్నాం. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎక్కువ భూమిని గళ్లుగా కొలిచారు. ఆరు మైళ్లకి ఆరు మైళ్లు ఒక టౌన్‌షిప్. దాన్ని 36 ముక్కలు చేస్తే ఒక్కోటి 640 ఎకరాల సెక్షన్. ఉత్తర కాలిఫోర్నియాకి ఈ కొలతలన్నీ మౌంట్ డయాబ్లో శిఖరం మీద 1851లో పెట్టిన గుర్తు నుంచి మొదలవుతాయి. కొలిచింది గంటర్ గొలుసుతో, 66 అడుగులు, వంద లింకులు. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తల్లో భుజాన మోసిన గొలుసూ అదే. “80 గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం” అని ఆయన ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేసరికి మా పాప నోరు తెరిచింది. వచ్చినప్పటి నుంచీ ఈ దేశంలో ఆయనకి పూర్తిగా అర్థమైన మొదటి విషయం అదేననుకుంటా. ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ ఆయనదే.

ఆయన నోట్‌బుక్‌లో వేసుకున్న లెక్క ఇలా ఉంది. పట్టా భూమి: యజమాని ఒప్పుకుంటే తప్ప కాలు పెట్టకూడదు. స్టేట్ పార్కులు: మామూలుగా కుదరదు, కొన్నిచోట్ల మాత్రం కుదురుతుంది. నేషనల్ పార్కులు: కుదరదు, అయితే ఉత్తరాన రెడ్డింగ్ దగ్గరున్న విస్కీటౌన్ నేషనల్ రిక్రియేషన్ ఏరియాలో పర్మిట్ తీసుకుని పాన్‌తో గాలించుకోవచ్చు. నేషనల్ ఫారెస్టు: పాన్‌తో అయితే ముందస్తు నోటీసు కూడా అక్కర్లేదు. ఇక బీఎల్ఎం, అంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద ఉండే భూములు. చేతి పనిముట్లు, పాన్, మోటారు లేని స్లూస్ పెట్టె (ప్రవాహంలో పెట్టి మట్టి కడిగే పొడవాటి తొట్టి), ఇవన్నీ వాళ్ల భాషలో ‘క్యాజువల్ యూజ్’. అనుమతి పత్రం అక్కర్లేదు.

“అంటే ఇది పొరంబోకు” అన్నాడు నాన్న బీఎల్ఎం ముక్క మీద వేలు పెట్టి. అక్కడే ఆగి ఉంటే పని తేలికయ్యేది. కానీ ఆ పొరంబోకు మీద క్లెయిములుంటాయి.

1872 నాటి మైనింగ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ భూమిలో ఖనిజం కనిపెట్టినవాళ్లు దాని మీద క్లెయిమ్ వేసుకోవచ్చు. నది మేటల్లోని బంగారానికైతే మనిషికి 20 ఎకరాలు. కొంతమంది కలిసి వేస్తే 160 ఎకరాల దాకా. భూమి మాత్రం ప్రభుత్వానిదే, అందులో ఎవరైనా నడవొచ్చు, చేపలు పట్టుకోవచ్చు. లోపలున్న ఖనిజం ఒక్కటే క్లెయిమ్‌దారుడిది. అతని అనుమతి లేకుండా ఒక్క పాన్ గాలించినా అది దొంగతనమే. నాన్నకి ఇది బాగా నచ్చింది. “భూమి నీది కాదు, అడుగున ఉన్నది నీది. ఏడాదికోసారి రుసుము కట్టకపోతే అదీ పోతుంది. మన డీకేటీ పట్టా, అదే ప్రభుత్వం పంచిన భూమి పట్టా, దాని కంటే తమాషాగా ఉందే.” ఆ రుసుము ఇప్పుడు క్లెయిమ్‌కి 200 డాలర్లు, ఏటా సెప్టెంబరు 1 లోపు కట్టాలి.

మనమే ఒక క్లెయిమ్ వేసేద్దామా అని మా ఆయనకి ఉత్సాహం వచ్చింది. వెయ్యలేం. క్లెయిమ్ వేసే హక్కు అమెరికా పౌరులకి, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకి మాత్రమే. మేము గ్రీన్ కార్డు క్యూలోనే ముసలివాళ్లం అయ్యేలా ఉన్నాం. ఇంట్లో అర్హత ఉన్నది ఇక్కడ పుట్టిన మా పాపకే. మైనర్లు కూడా వేయొచ్చట, కాకపోతే మంచీచెడూ తెలిసే వయసు రావాలి. ఆ రెండోదాని గురించి ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. 1850లోనైతే విదేశీయులు గని పని చేసుకోవాలంటే నెలకి 20 డాలర్ల పన్ను కట్టమన్నారు, అప్పట్లో అది మామూలు డబ్బు కాదు. పాన్ పట్టుకుని సరదాగా గాలించుకోవడానికి ఇప్పుడు ఏ వీసా అని ఎవరూ అడగరు.

మన దగ్గర ఇలాంటి హాబీకి చోటు లేదు. 1957 నాటి గనుల చట్టం ప్రకారం లైసెన్సు గానీ లీజు గానీ లేకుండా బంగారం కోసం వెతకడమే కుదరదు. కుప్పం పక్కన చిగురుగుంట గని, ఆ పక్కన కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. నాన్న చిన్నప్పుడు కోలార్ గనుల్లో బంగారం తీశాక మిగిలిన మట్టి, ఆ సైనైడ్ గుట్టల పక్కనుంచి రైల్లో వెళ్లేవాడు. ఆ మట్టిలో ఇంకా బంగారం ఉందని అందరికీ తెలుసు, ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. అందుకేనేమో ఆయన మొదటి ప్రశ్న అది.

ఏప్రిల్ చివర్లో

నదికి వెళ్లేముందు పెరట్లో ప్లాస్టిక్ టబ్బు పెట్టి ప్రాక్టీసు చేశాం. కొత్త పాన్‌కి ఫ్యాక్టరీ నూనె అంటుకుని ఉంటుంది, అది పోవాలంటే గిన్నెలు తోమే సబ్బుతో బాగా రుద్దాలి. లేకపోతే సన్నటి బంగారపు రేకు నీటి మీద తేలి కొట్టుకుపోతుంది. చేపలు పట్టేవాళ్లు గాలానికి వేసే సీసపు గుండ్లని సుత్తితో చదును చేసి, చిన్న ముక్కలు కోసి, లెక్కపెట్టి ఇసుకలో కలిపాను. గాలించాక అన్నీ మిగిలితే చెయ్యి కుదిరినట్టు.

కిటుకంతా బరువులో ఉంది. మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటి కంటే రెండున్నర రెట్లు బరువు. నల్ల ఇసుకలోని మాగ్నెటైట్ ఐదు రెట్లు. స్వచ్ఛమైన బంగారం 19.3 రెట్లు. సీసమే పదకొండు రెట్లు కాబట్టి సీసం జారిపోకపోతే బంగారం అసలు జారదు. పాన్‌ని నీళ్లలో పూర్తిగా ముంచి అటూ ఇటూ గట్టిగా కుదిపితే బరువైనవి అడుగుకి దిగుతాయి. అప్పుడు గాడులున్న వైపు ముందుకి వంచి, పై పొరని అలలతో కొంచెం కొంచెంగా పోనివ్వాలి. మళ్లీ కుదపాలి, మళ్లీ వంచాలి. తొందరపడి కుదపకుండా వంచితే అన్నీ కలిసి పోతాయి.

అమ్మ కాసేపు చూసి, “బియ్యం గాలించినట్టే కదే, దానికి అంత చదువెందుకు?” అని పాన్ లాక్కుంది. మొదటిసారికే సీసం ముక్కలన్నీ అడుగున మిగిలాయి. మణికట్టు తిప్పే తీరులో ఉంది. నేను కుక్కర్లో కడిగి పెట్టే ప్యాకెట్ బియ్యం తరం మనిషిని, నాకు ఇంకొన్ని సాయంత్రాలు పట్టింది.

మే

కొలోమాతో మొదలుపెట్టాం. అక్కడి మార్షల్ గోల్డ్ డిస్కవరీ పార్కులో నదికి తూర్పు ఒడ్డున కేటాయించిన చోట మాత్రమే గాలించనిస్తారు. చేతులు, పాన్, అంతే. పార, గరిట, గునపం ఏవీ కుదరవు. ఇక్కడివాళ్లు దాన్ని ‘హ్యాండ్స్ అండ్ పాన్స్’ అంటారు. ఇది ఆ పార్కు ఒక్కదాని పట్టుదల కాదు. గాలించుకోనిచ్చే స్టేట్ పార్కులన్నిటికీ ఉన్న రూల్లోనే పాన్ తప్ప వేరే పనిముట్టు వాడకూడదని ఉంది. ఏటా వరదలో మునిగే గులకరాళ్ల మేటల మీదే తీసుకోవాలి, ఒడ్డు తవ్వకూడదు. గాలించిన బురద నీళ్లు మన చుట్టుపక్కల దాటి కిందికి కనిపించేలా పారకూడదు. ఒకరు రోజుకి 15 పౌండ్లకి, అంటే దాదాపు 6.8 కిలోలకి, మించి తీసుకెళ్లకూడదు. అమ్ముకోడానికైతే అసలే కుదరదు.

పనిముట్లు వద్దనడం మొదట చాదస్తంగా అనిపించింది. గట్టిగా ఇరుక్కున్న రాళ్ల మధ్య మట్టిని వేళ్లతో గీకుతుంటే గోళ్లు అరిగాయి. కానీ ఆ మేట మీద ఆదివారం ఎంతమంది ఉన్నారో చూశాక తెలిసింది. స్కూలు పిల్లలు, చర్చి గ్రూపు, మనలాంటి దేశీ కుటుంబాలు పులిహోర డబ్బాలతో సహా. అందరి చేతుల్లోనూ పారలుంటే ఒక్క వేసవిలో ఒడ్డు ఉండదు.

కొలోమా దగ్గర పారేది అమెరికన్ రివర్ దక్షిణ పాయ, సౌత్ ఫోర్క్. దాంట్లో మరో జాగ్రత్త. పైనున్న చిలీ బార్ డ్యామ్ నుంచి కరెంటు కోసం, రాఫ్టింగ్ కోసం నీళ్లు వదులుతారు. ఆకాశం నీలంగా ఉండి, వాన చినుకు లేకుండానే, మనం కూర్చున్న మేట కళ్లముందే తగ్గిపోతుంది. మేలో అది కరిగిన మంచు నీళ్లు, మోకాలి లోతులో రెండు నిమిషాలుంటే పాదాలు మొద్దుబారతాయి. పాపకి లైఫ్ జాకెట్ వేశాం. వెళ్లేముందు నీటి విడుదల టైమింగ్స్ చూసుకోవడం నాన్న డ్యూటీ అయింది.

దొరికింది? మెరుపులు చాలా. అభ్రకం. ఎండలో తళతళ, నీడ పడగానే మాయం. బంగారం నీడలో కూడా అదే రంగు, పాన్ ఎటు తిప్పినా అదే రంగు. సూదితో నొక్కితే అభ్రకం పొరలుగా చిట్లుతుంది, బంగారంలా మెరిసే పైరైట్ పొడి అవుతుంది, బంగారం వంగుతుంది. ఆ రోజు సూది పరీక్షకి నిలిచింది ఆవగింజలో పదో వంతు లేని ఒక చుక్క. అమ్మ పాన్‌లోనే.

జూన్

కొలోమా రద్దీ వదిలేసి ఆబర్న్ స్టేట్ రిక్రియేషన్ ఏరియాకి మారాం. నార్త్ ఫోర్క్, మిడిల్ ఫోర్క్ రెండూ కలిసే చోటు. ఇక్కడా హ్యాండ్స్ అండ్ పాన్సే, కానీ చోటు బోలెడు. దీని కథ నాన్నకి చెబితే వదల్లేదు. 1965లో ఆబర్న్ డ్యామ్‌కి అనుమతి వచ్చింది, మునిగిపోయే లోయంతా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ (ఫెడరల్ నీటి ప్రాజెక్టుల శాఖ) సేకరించింది, పని మొదలైంది. 1975లో ఓరోవిల్ దగ్గర భూకంపం వచ్చాక పని ఆగిపోయింది. భూమి ఫెడరల్‌ది, నడిపేది స్టేట్ పార్క్స్ వాళ్లు. “భూసేకరణ చేసి ప్రాజెక్టు కట్టకుండా వదిలేయడం ఇక్కడా ఉందా” అని ఆయన ఎంతో సంతోషించాడు.

అందుకే మ్యాపులో ఫెడరల్ రంగు చూసి బీఎల్ఎం రూలు పట్టుకుని స్లూస్ పెట్టె దింపితే రేంజర్ వచ్చి టికెట్ రాస్తాడు. యజమాని ఎవరన్నదే కాదు, నడిపేది ఎవరన్నదీ చూడాలి. నాన్న నోట్‌బుక్‌లో దీని కోసం ఇంకో కాలమ్ వచ్చింది.

ఎక్కువగా వెళ్లింది కోల్‌ఫాక్స్ కింద అయోవా హిల్ రోడ్డు మీదున్న మినరల్ బార్‌కి. రోడ్డు ఇరుకు, ఒక పక్క లోయ, ఎదురుగా ట్రక్కు వస్తే వెనక్కి పోవాల్సిందే. అమ్మ కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా చదువుతుంది. కానీ చోటు అద్భుతం. నార్త్ ఫోర్క్ అక్కడ పలకరాతి మీదుగా పారుతుంది. పలకలు నిలువుగా, ప్రవాహానికి అడ్డంగా పగిలి ఉంటాయి. వరదలో దొర్లుకుంటూ వచ్చిన బంగారం ఆ పగుళ్లలో పడితే బయటికి రాదు.

ఎక్కడ వెతకాలో ఈ నెలలోనే కాస్త అలవాటైంది. నది మలుపు తిరిగితే లోపలి వైపు, నీటి వేగం తగ్గే చోట. పెద్ద బండకి దిగువన. వరద మట్టం గీతకి కొంచెం కింద. పైపై ఇసుకలో పెద్దగా ఉండదు, బండ రాయికి ఆనుకున్న చివరి పొరలో ఉంటుంది. పగుల్లో చెయ్యి పట్టినంత లోతుకి పెట్టి, చివర్లో వేలికి తగిలే బంకమట్టి లాంటిదాన్ని తీస్తే, దాంట్లో నల్ల ఇసుక, తుప్పు పట్టిన మేకులు, చేపల గాలాల సీసం, వాటితో పాటు బంగారం. బరువైనవన్నీ ఒకేచోట చేరతాయి. పాన్‌లో సీసం గుండు కనిపిస్తే ఇప్పుడు మాకు హుషారు.

ఆ తుప్పు మేకుల సంగతి. పాత కాలపు సామాను, చేత్తో చేసిన మేకులు, సీసా ముక్కలు, చైనా కార్మికుల పింగాణీ పెంకులు కనిపిస్తే చూసి అక్కడే పెట్టేయాలి. ఫెడరల్ భూమిలో వందేళ్లు దాటిన వస్తువుల్ని 1979 నాటి చట్టం కాపాడుతుంది. ఈ లోయలు గోల్డ్ రష్‌కి ఎన్నో తరాల ముందు నుంచే నిసెనాన్ అనే ఆదివాసులవి, వాళ్ల రోళ్ల గుంతలు బండల మీద ఇంకా కనిపిస్తాయి. సీసం గుండ్లు, గాలాలు మాత్రం చెత్త సంచిలో వేసుకుని తెచ్చేస్తున్నాం.

జూలై

మిడిల్ ఫోర్క్‌లో ఒక పగుల్లోంచి తీసిన మట్టిలో వెండి రంగు చుక్కలు దొరికాయి. పాప వెండి అనుకుంది. సూదితో నొక్కితే వంగాయి, బరువు బంగారం లాగే ఉంది. బంగారమే, పైన పాదరసం పట్టింది.

నాన్నకి చెప్పాల్సిన పని లేకపోయింది, ఊళ్లో కంసాలుల దగ్గర చూశాడు. పాదరసం సన్నటి బంగారాన్ని పట్టుకుని ముద్దగా చేస్తుంది. గోల్డ్ రష్ వాళ్లు తమ స్లూస్ కాలవల్లో దాన్ని శేర్లకి శేర్లు పోశారు. ఆ పాదరసంలో చాలా భాగం మా ఆయన ఆఫీసున్న శాన్ హోసే పక్కన న్యూ ఆల్మడెన్ గనుల్లోంచి వచ్చిందే. నదుల్లో కలిసిపోయింది కోటి పౌండ్లు, అంటే 45 లక్షల కిలోల పైమాటేనని అమెరికా భూగర్భ సర్వే అంచనా. దాంట్లో ఎక్కువ భాగం ఈ సియెర్రా కొండల్లోనే.

ఈ విషయం తెలిశాక సక్షన్ డ్రెడ్జ్ రూలు మీద నాకున్న చిరాకు పోయింది. ఇంజిను, పైపు పెట్టి నది అడుగు నుంచి రాళ్లూ ఇసుకా పీల్చే యంత్రం అది. ఒక్క రోజులో మా వేసవి మొత్తం పని చేస్తుంది. కాలిఫోర్నియాలో 2009 ఆగస్టు నుంచి దాన్ని ఆపేశారు. 2015లో ఇంకో చట్టం తెచ్చి నీటి నాణ్యత అనుమతులు లేకుండా వాడకూడదన్నారు. ఫెడరల్ మైనింగ్ చట్టం ఇచ్చిన హక్కుని రాష్ట్రం ఎలా ఆపుతుందని, డ్రెడ్జ్ వాడి కేసులో ఇరుక్కున్న రైన్‌హార్ట్ అనే క్లెయిమ్‌దారుడు కోర్టులో వాదిస్తే, 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. మూసేసిన నదికి వంద గజాల లోపు ఆ యంత్రం దగ్గర పెట్టుకున్నా నేరమే. అడుగున అణగిపోయి ఉన్న పాదరసాన్ని కదిపితే అది సన్నగా చెదిరి దిగువకి పోతుంది, చేపల్లోకి ఎక్కుతుంది. చేపలు గుడ్లు పెట్టే రాళ్ల గూళ్లు పాడవుతాయి. ఆ పాత క్లెయిమ్‌దారుల కోపం నాకు అర్థమవుతుంది, ఇరవై ఎకరాలు పెట్టుకుని చేత్తో గాలించుకోమంటే బాధే. అయినా నేను ఓటు వేయగలిగితే రాష్ట్రానికే వేస్తాను.

ఇక్కడ ఈ గొడవ పాతది. 1850ల నుంచి పెద్ద పెద్ద నీటి ఫిరంగులతో కొండల్ని కరిగించారు. ఆ బురద దిగువకి కొట్టుకొచ్చి నదుల్ని పూడ్చేసింది, మేరీస్‌విల్ చుట్టుపక్కల పొలాలు మునిగాయి. రైతులు కేసు వేస్తే 1884 జనవరిలో జడ్జి లొరెంజో సాయర్ బురద నదిలోకి వదలకూడదని తీర్పిచ్చాడు. బంగారం కంపెనీల మీద గోధుమ రైతులు గెలిచారు. బురద నీళ్లు కనిపించేలా పారకూడదన్న పార్కు రూలు చదివినప్పుడల్లా నాకు ఆ తీర్పే గుర్తొస్తోంది.

పాదరసం పట్టిన చుక్కల్ని విడిగా గాజు సీసాలో నీళ్లు పోసి మూత బిగించాం. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోలేదు. పొయ్యి మీద వేడి చేస్తే పాదరసం ఎగిరిపోయి బంగారం మిగులుతుందని వీడియోలు చూపిస్తాయి, ఆ ఆవిరి పీల్చినవాడి ఊపిరితిత్తులు, నరాలు ఏమవుతాయో చూపించవు. నైట్రిక్ యాసిడ్ పద్ధతీ ఇంట్లో చేసేది కాదు. ఆ సీసాని కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సెంటర్‌లో ఇచ్చేస్తాం. మొత్తం లెక్కలో అది కలపడం లేదు.

ఆగస్టు

బీఎల్ఎం ముక్కల మీద నాన్న చేస్తున్న పని ఓ కొలిక్కి వచ్చింది. ఎల్ డొరాడో కౌంటీలో ఒక వాగు, దారి నుంచి నడిచి చేరగలిగేది. బీఎల్ఎం ఆన్‌లైన్ రికార్డుల్లో చూస్తే ఆ సెక్షన్‌లో రెండు క్లెయిములు బతికే ఉన్నాయి. చిక్కేమిటంటే ఆ మ్యాపు పావు సెక్షన్ వరకే చూపిస్తుంది, అంటే 160 ఎకరాల గడి మొత్తానికి రంగు వేస్తుంది. 20 ఎకరాల క్లెయిమ్ అందులో ఏ మూల ఉందో చెప్పదు.

అసలు హద్దులు కౌంటీ రికార్డర్ ఆఫీసులో దాఖలైన నోటీసులో ఉంటాయి. క్లెయిమ్ వేసిన 90 రోజుల లోపు అక్కడా, బీఎల్ఎంలోనూ నమోదు చేయాలి. ప్లాసర్‌విల్ వెళ్లాం. కౌంటర్‌లో ఉన్నావిడ ఓపిగ్గా తీసిచ్చింది. నాన్న నోటీసు చదివి, కళ్లజోడు సర్దుకుని, కాగితం మీద గీయడం మొదలుపెట్టాడు. సెక్షన్ మూల నుంచి ఇన్ని అడుగులు తూర్పు, అక్కడి నుంచి ఇన్ని అడుగులు దక్షిణం. పావుగంటలో స్కెచ్ సిద్ధం. రెండో క్లెయిమ్ నోటీసులో అంకెలు ఆయనకి నచ్చలేదు.

“హద్దు కలవడం లేదమ్మా. ఈ కొలతలతో తిరిగి మొదటి రాయి దగ్గరికి రాడు.”

అయితే అటువైపు ఖాళీయేనా అన్నాను.

“ఖాళీ అని నువ్వెట్లా చెప్తావు? తకరారు ఉన్న హద్దుకి దూరంగా ఉండాలి.”

ముప్ఫయ్యేళ్లు అన్నదమ్ముల గట్టు తగాదాల మధ్య గొలుసు లాగిన మనిషి. ఆయన మాట ప్రకారం వాగు ఎగువ భాగం వదిలేసి, రెండు స్కెచ్‌లకీ బాగా ఇవతల ఉన్న దిగువ మేట ఎంచుకున్నాం. ఆ ముక్కని మైనింగ్ నుంచి ప్రభుత్వం తప్పించిందేమో కూడా బీఎల్ఎం ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. లేదన్నారు. అక్కడికెళ్లాక నేల మీద హద్దు గుర్తుల కోసం చూశాం, కర్రలు, రాళ్ల కుప్పలు, డబ్బాలో పెట్టిన కాగితాలు. ఒక క్లెయిమ్ మూల కర్ర దొరికింది, నాన్న స్కెచ్‌లో ఉన్న చోటుకి పది పన్నెండు అడుగుల తేడాలో. ఆయన దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. అమెరికాలో ఆయన తీయించుకున్న ఫొటోల్లో గోల్డెన్ గేట్ కంటే అదే ముందు కుప్పం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది.

వాగు పేరు రాయడం లేదు. ఈ రోజు ఖాళీగా ఉన్న ముక్క మీద రేపు ఎవరైనా క్లెయిమ్ వేయొచ్చు. పేరు చూసి వెళ్లేవాళ్లు ఆ రోజు రికార్డు చూసుకోకుండా వెళ్తే ఇబ్బంది.

ఇక్కడ చేతి పనిముట్లు చెల్లుతాయి కాబట్టి సన్నటి ఉలి, తోట గరిట, ఒక పాత టీ చెంచా తెచ్చాం. పగుళ్లు శుభ్రం చేయడానికి టీ చెంచా కంటే మంచి పనిముట్టు ఇంకా కనిపించలేదు. తవ్విన గుంతలు వచ్చేముందు పూడ్చేశాం. దొరికిన రేకులు కొలోమా వాటికంటే పెద్దవి, అంచులు గరుకు. అంటే పుట్టిన రాయి నుంచి ఎక్కువ దూరం దొర్లి రాలేదు. గుండ్రంగా, పల్చగా అరిగిపోయినవైతే చాలా దూరం ప్రయాణం చేసినవి.

సెప్టెంబరు

అంతా ఆరబెట్టి, అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి నల్ల ఇసుక తీసేసి, మిల్లీగ్రాము తూచే త్రాసు మీద పెట్టాం. 0.31 గ్రాములు. దాంట్లో సగానికి పైగా ఆ పేరు రాయని వాగుదే. నది బంగారం పూర్తి స్వచ్ఛం కాదు, కొంత వెండి కలిసి ఉంటుంది, కాబట్టి అసలు బంగారం ఇంకాస్త తక్కువ. గ్రాములో మూడో వంతు కూడా రాలేదు. పెట్రోలు లెక్క మా ఆయన వేస్తానన్నాడు, వద్దన్నాను.

అమ్మానాన్న నెలాఖరున బయల్దేరుతున్నారు. ఆ బంగారం తీసుకెళ్లమంటే నాన్న ఒప్పుకోలేదు, కస్టమ్స్‌లో దేనికి వచ్చిన తలనొప్పి అని. ఆయన దగ్గర ఉన్నది నోట్‌బుక్. ఇంకా చూడాల్సిన ఆరు సెక్షన్ల నంబర్లు, ఒక్కోదాని పక్కన యజమాని, నడిపేవాళ్లు, క్లెయిములు, తకరారు. దాన్ని నాకు వదిలేసి వెళ్తున్నాడు, ప్రతి పేజీ ఫొటో తీసుకున్నాక.

సెప్టెంబరు 1 గడువు దాటింది. రుసుము కట్టని క్లెయిములు రద్దవుతాయి, అయితే ఆ కబురు ఆన్‌లైన్ రికార్డులకి ఎక్కడానికి కొంత టైం పడుతుంది. పదికి మించి క్లెయిములు లేని చిన్నవాళ్లు సెప్టెంబరు 1 లోపే మినహాయింపు కోరి ఉంటే, రుసుముకి బదులు పని చేసినట్టు డిసెంబరు 30 లోపు పత్రం దాఖలు చేసుకునే వీలూ ఉంది. అందుకే ఆ ఆరు సెక్షన్లనీ అక్టోబరు చివర్లో ఒకసారి, కొత్త సంవత్సరంలో ఇంకోసారి చూడాలి. మోటారు లేని స్లూస్ పెట్టె ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నాను, బీఎల్ఎం ముక్కలకి మాత్రమే. నవంబరులో వానలు మొదలైతే వాగులు పొంగి మేటలు మారతాయి. 2023 చలికాలం తుపాన్ల తర్వాత పాతవాళ్లందరూ కొత్త మేటల కోసం పరిగెత్తారట. నీళ్లు తగ్గేదాకా మేము దిగం. ఈలోగా పాపకి సెక్షన్ స్కెచ్ గీయడం నేర్పిస్తానని నాన్న వీడియో కాల్ టైం ఫిక్స్ చేశాడు, శనివారం రాత్రి ఇక్కడ ఎనిమిదిన్నర.